అమ్మ శ్రుతి, మాస్టారి కార్డ్

మా చర్చిలో ఏ పాటైనా ముందు మా అమ్మే ఎత్తుకుంటుంది. మిరప కల్లాల్లో పని ఉన్న రోజుల్లో ఆ ఘాటుకి గొంతు బొంగురుపోతుంది. అందుకని కింది శ్రుతిలో మొదలుపెడుతుంది. మిగతా ఆడవాళ్లూ కల్లాల నుంచి వచ్చినవాళ్లే, అదే శ్రుతిలో అందుకుంటారు.

కొత్తగా చీరాల నుంచి వస్తున్న కీబోర్డు మాస్టారు మాకు కార్డ్ అంటే ఏమిటో చెప్పారు. అకార్డ్ అంటే ఒప్పుదల, ఆ మాటే కురచై కార్డ్ అయిందట. మూడు స్వరాలు ఒకదానితో ఒకటి ఒప్పుకుని ఒక్కసారే మోగాలట. వినడానికి బాగానే ఉంది.

ఆ ఆదివారం అమ్మ పాట ఎత్తుకోగానే ఆయన పై శ్రుతిలో కార్డ్ నొక్కారు. స్పీకర్ల హోరులో దాన్ని అందుకోబోయి అమ్మ గొంతు జీరపోయింది, ఆగిపోయింది. ఆమె వెనక ఆడవాళ్లందరూ ఆగిపోయారు. ఆరాధన అయ్యాక ఆయన, "అమ్మగారికి శ్రుతి కుదరట్లేదండీ, ఇకనుంచి వింటే చాలు" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"మీ మూడు స్వరాలూ ఒప్పుకుంటే సరిపోయిందా మాస్టారూ? పాడేవాళ్లని అడగక్కర్లేదా?" అన్నాను.

ఆయన నవ్వుతూ కీబోర్డు సర్దుకున్నారు. ఆ నవ్వుకి ఇంకా మండింది.

తర్వాతి ఆదివారం నేను స్విచ్‌బోర్డు పక్కన కూర్చున్నాను. ఆయన కీబోర్డు మీద వేళ్లు పెట్టగానే స్విచ్ ఆపేశాను.

"అమ్మా, ఎత్తుకో" అన్నాను.