నీళ్ల మీద మోగిన సొరబుర్రలు

మా అవ్వ పెళ్లినాటి ఇత్తడి గంగాళం ఒకప్పుడు సముద్రం ఒడ్డున దొరలందరి ముందర వాద్యమై మోగిందంటే మా మనవళ్లు నమ్మరు. నేను కళ్లారా చూశాను. అప్పుడు నాకు పాలపళ్లు ఊడుతున్నాయి.

పుదుచ్చేరిలో అప్పుడు ఫ్రాన్సు దొరల పాలన. ఆఫ్రికా నించి వాళ్ల సిపాయిలు కొందరు పెళ్లాంబిడ్డలతో ఓడలో వచ్చి దిగారు. జూలైలో దొరల పెద్ద పండగకి ఆ ఆడవాళ్లు వాద్యాలు వాయించి ఆడాలని ఏర్పాటు. మా నాయన ఓడల నించి సరుకు దించే కూలి. ఆ పూట అలలు పెద్దవి. పడవలో ఒక మూట మరీ తేలిగ్గా ఉందని, గాలికి ఎగిరిపోతుందేమోనని, దాని మీద ఇనప పెట్టె పెట్టాడు. ఒడ్డుకొచ్చి విప్పితే అన్నీ పెంకులే.

ఆ గుంపుని నడిపే పెద్దామె పెంకులు ఒళ్లో పోసుకుని ఇసకలోనే కూచుండిపోయిందంట. "వాద్యాల్లేకపోతే వీళ్ల ఆట వద్దు, మా బ్యాండు చాల్లే" అన్నాడంట పండగ ఏర్పాట్లు చూసే దొర.

నాయన ఇంటికొచ్చి కంచం ముట్టలేదు.

"ఏందిరా పగిలింది?" అనింది అవ్వ.

"సొరబుర్రలమ్మా. సగానికి కోసి, నీళ్ల మీద బోర్లించి కొడతారంట. వాళ్లలో తోలు డప్పు మగాళ్లది, ఈ నీళ్ల డప్పు ఆడోళ్లది."

"సొరబుర్రలకా నువ్వు అన్నం మానింది? లేచి మా పుట్టినూరు బాహూరు పో. చెరువులో ఈత నేర్చే పిల్లోళ్ల నడుముకి కట్టే బుర్రలు మా తమ్ముడింట్లో అటక నిండా ఉండాయి."

నాయన పోయి బండి మీద తెచ్చాడు. బుర్రలు పెద్దవి. వాటిని తేలేసేంత వెడల్పు గిన్నె ఆ ఆడవాళ్ల దగ్గర లేదు. అవ్వ గంగాళం బయటికి దొర్లించింది. ఎదురింటి అత్త గడపలో నిలబడి దెప్పింది.

"పెళ్లి గంగాళాన్ని యాడికో పంపిస్తుండావే పెద్దమ్మా! రేపు నీ మనవరాలి పెళ్లికి నీళ్లు దేంట్లో కాస్తావు?"

"నీ నోట్లో కాస్తాలే. అది ఎప్పుడూ వేడిగానే ఉంటాది."

మా ఇంట్లో ఒక పద్ధతి. పక్కింటికి చెంబు ఇచ్చినా వట్టిది ఇవ్వరు. అవ్వ గంగాళంలో పసుపుకొమ్ము వేసింది. బుర్రల్లో గుప్పెడు గుప్పెడు వడ్లు పోసి, మూతికి గుడ్డ కుక్కింది. "వాయించే బుర్రల్లో వడ్లేందమ్మా, నవ్విపోతారు" అని నాయన తల పట్టుకున్నాడు.

నిజంగానే నవ్వారు ఆ ఆడవాళ్లు. పెద్దామె వాటిల్లో ఒక చిన్న బుర్రని ఎత్తి ఊపింది. గలగలమనింది. చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ ఊపింది. పెద్ద బుర్రలన్నీ కోయించింది గానీ, ఆ చిన్నదాన్ని మాత్రం కోయనివ్వలేదు. వడ్లతోనే తీసి తన కూతురి చేతిలో పెట్టింది.

పండగనాడు మా వీధంతా, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు అవతల నిలబడింది. దొరల బ్యాండు అయిపోయింది. అప్పుడొచ్చారు ఆ ఆడవాళ్లు, నెత్తిన రంగు గుడ్డలు చుట్టుకుని. నడుమ మా గంగాళం, నీళ్ల మీద బోర్లించిన బుర్ర. పెద్దామె మొదటి దెబ్బ వేసింది. నీళ్ల అడుగు నించి వచ్చింది చప్పుడు, నా కడుపులో తగిలింది. చప్పట్లు కలిశాయి, గొంతులు కలిశాయి. కాళ్లు నేలని తంతుంటే ఇసక లేచింది. పెద్దామె కూతురు వడ్ల బుర్ర ఊపుకుంటూ వలయంలోకి దూకింది.

"అవి మా బాహూరు వడ్లు!" అని అరిచింది అవ్వ.

పెద్దామె విన్నట్టుంది. తాడు దాటొచ్చి అవ్వ చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. అవ్వ కొంగు దోపి, వంగి, మా కుమ్మి ఆటలో తట్టే చప్పట్లు తట్టింది. పెద్దామె ఆ తట్టు పట్టుకుని నీళ్ల మీద తిప్పి కొట్టింది. ఇంక ఎవరూ ఆగలేదు. ఆట వద్దన్న దొర లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నాడు. నాయన ఏడుస్తా నవ్వుతుండాడు.

ఇంటికొచ్చేటప్పుడు గంగాళం నాయన నెత్తిన బోర్లా ఉంది. ఎదురింటి అత్త వెనక నించి వచ్చింది.

"పెద్దమ్మా, ఒక్క తూరి నన్నూ కొట్టనీయవే."

"కొట్టు. కింద ఉండే నెత్తి మాత్రం నా కొడుకుది, చూసుకో."

ఇల్లు చేరేదాకా కొడుతూనే వచ్చింది.