కారుకి ముందు, కాళ్ళకి తర్వాత

మా వైపు అల్లుడు గుమ్మంలో అడుగు పెట్టగానే కాళ్ళకి నీళ్ళిస్తారు. నాకూ ఇచ్చేవారు. కాకపోతే ముందు కారుకి, తర్వాత కాళ్ళకి.

ఏలూరు నుంచి మా అత్తవారి ఊరు ఏమంత దూరం కాదు. కొల్లేరు వైపు దిగి, వరి చేల మధ్య రోడ్డు పట్టుకుంటే వచ్చేస్తుంది. ఆ కాస్త దూరానికే నా కారు మూడుచోట్ల ఆవిరి కక్కేది. పాతకాలపు స్పోర్ట్స్ కారు, రెండే సీట్లు, పైన కప్పు లేదు. ఎవరో దొర తన దేశం పోతూ వదిలేసింది. చేతులు మారి మారి, ఇంకెవరికీ అక్కర్లేక నా దగ్గరికొచ్చి చేరింది. చలిదేశం కోసం చేసిన బండి కాబట్టి దాని రేడియేటరుకి ఫ్యానే లేదు. ఎదురొచ్చే గాలే దిక్కు. అది చాలకపోతే నీళ్ళు మరిగిపోయేవి, నేను బిందె పట్టుకుని కనపడిన గుమ్మమల్లా ఎక్కేవాణ్ణి.

ఊళ్ళో నాకు ‘నీళ్ళల్లుడు’ అని పేరు పెట్టేశారు. నా హారన్ వినపడితే చాలు, అరుగుల మీదకి బిందెలొచ్చేసేవి. “ఈసారి ఎన్ని బిందెలు కావాలండీ?” అని అడిగేవారు. మావాళ్ళంతే, వెక్కిరించినా ‘అండీ’ పెట్టే వెక్కిరిస్తారు.

నాకు సిగ్గులేదు. మా ఆవిడకుంది. ఆవిడ పుట్టి పెరిగిన ఊరాయె. ఒకరోజు అన్నం వడ్డిస్తూ నెమ్మదిగా చెప్పింది. “ఏవండీ, ఈసారి మీరు ఎవర్నైనా నీళ్ళడిగారో, ఇక ఆ కారెక్కను. బస్సులో పోతాను. మీరు మీ కారుతో రండి.”

ఆవిడ అరిస్తే నాకు బెంగలేదు, అరిచి మర్చిపోతుంది. నెమ్మదిగా చెప్పిందంటే బ్రహ్మదేవుడొచ్చినా మార్చలేడు. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఆ కారు తోలడమన్న ఊహకే నాకు అన్నం సహించలేదు. నిజం చెప్పాలంటే, ఆవిడ కొంగు గాలికి ఎగిరి నా భుజానికి తగులుతుంటే తోలడం కోసమే నేను ఆ కారు ఉంచుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. “ఫ్యాను పెట్టిస్తాను, చూస్తూండు” అన్నాను.

తాడేపల్లిగూడెంలో యుద్ధం రోజుల్లో విమానాలు దిగేవి. మిలటరీవాళ్ళు వదిలేసిన సామాను ఆ ఊళ్ళో చాలా ఏళ్ళు అమ్ముడుపోతూనే ఉంది. అక్కడి పాతసామాను కొట్లో నాకో కరెంటు ఫ్యాను దొరికింది. కారు బ్యాటరీకి సరిగ్గా సరిపోయే వోల్టులు. కొట్టాయన చెబుతూనే ఉన్నాడు. “ఇది వైర్‌లెస్ లారీలోదండి. లోపలి వేడిని బయటికి లాగుద్దండి.” నేను విన్నానా? హైస్కూల్లో సైన్సు మాష్టార్ని, నాకొకరు చెప్పాలా? ఆయన్నే నిలబెట్టి, గాలికీ వేడికీ ఉన్న సంబంధం మీద పాఠం చెప్పాను. పాపం, బేరం పోతుందని విన్నాడు.

రెండు ఆదివారాలు కష్టపడి రేడియేటరు ముందు దాన్ని బిగించాను. రెక్కలు రేడియేటరు వైపు, మోటారు బయటికి. చూపుడువేలు చితికింది. పెరట్లో నిలబెట్టి గంటసేపు ఇంజను నడిపితే చుక్క ఆవిరి రాలేదు. మా ఆవిడని పిలిచి చూపించాను, ఆవిడకీ పాఠం చెప్పాను. గాలి ఎటు పోతోందో ఒక్కసారి చెయ్యి పెట్టి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

మాఘమాసంలో బయల్దేరాం. ధాన్యం బళ్ళు రోడ్డంతా ఉన్నాయి, వాటి వెనకాలే నెమ్మదిగా పోయాం. కారు ఎప్పుడూ ఆగే మొదటి వంతెన దాటింది. రెండోదీ దాటింది. మా ఆవిడ నావైపు తిరిగి నవ్వింది. ఆ నవ్వుకి నాకు తిక్కెక్కింది. బళ్ళు తప్పుకుని రోడ్డు ఖాళీ అవగానే ఒక్కసారి జోరు పెంచాను, ఫ్యాను ఉండగా భయమేంటని.

మైలు పోయామో లేదో బుస్సుమంది.

ఆగిందెక్కడా? సరిగ్గా మా మావగారి కళ్ళం పక్కన. ఆయన పీట మీద నిలబడి, చేటతో ధాన్యం తూర్పారబడుతున్నారు. గాలికి తాలు ఒక పక్కకి పోతోంది, గట్టి గింజ కింద రాశి పడుతోంది. నా కారు ముక్కు తిన్నగా ఆ రాశి వైపే ఉంది. ఇంజను ఆపాను గానీ ఫ్యాను ఆపలేదు, కాస్సేపు తిరిగితే చల్లబడుతుందిలే అనుకున్నాను. కారు ముందున్న తాలంతా లేచి, శుభ్రమైన రాశి మీదా, మావగారి మొహం మీదా పడింది.

ఆయన పీట దిగి మొహం తుడుచుకున్నారు. కోపం లేదు. కోపం వచ్చినా బాగుండేది. గుప్పెడు తాలు తీసుకుని ఫ్యాను ముందు వదిలారు. అది కారులోకి పోకుండా ఆయన మీదకే వచ్చింది.

“అల్లుడుగారూ, మీ ఫ్యాను గాలి బయటికి వస్తోందండి. రోడ్డు గాలి లోపలికి వస్తుంది కదండీ. రెండూ కొట్టుకుంటే మధ్యలో రేడియేటరుకి ఏం మిగులుద్దండి? ఎదురుగాలిలో తూర్పారబడితే తాలు మన నోట్లోకే వస్తుంది.”

కొట్టాయన చెప్పిన ‘బయటికి లాగుద్దండి’ అప్పుడు గుర్తొచ్చింది. నెమ్మదిగా పోయినంతసేపు ఫ్యానుదే పైచెయ్యి, జోరుగా పోయేసరికి రెండూ సమానమై గాలి ఆగిపోయింది. నేను ఊరందరికీ చెప్పిన పాఠం ఊకదంపుడేనన్నమాట. చదువురాని పాలేరుకి సైతం తెలిసిన సంగతి అది.

ఫ్యాను ఊడదీసి ఇటు మొహం అటు తిప్పాం. బోల్టుల కన్నాలు కలవలేదు. మావగారు కొబ్బరితాడు తెచ్చి, గడ్డిమోపు కట్టినట్టు బిగించి కట్టేశారు. మళ్ళీ గుప్పెడు తాలు వదిలితే ఈసారి రేడియేటరుకి వెళ్ళి అతుక్కుంది.

అంతా బాగానే ఉంది గానీ రేడియేటరులో నీళ్ళెక్కడివి? గడ్డిమేటు నీడలో రెండు బిందెలు కనపడుతూనే ఉన్నాయి. కూలీలు పని ఆపి నావైపే చూస్తున్నారు. నీళ్ళల్లుడు నోరు విప్పుతాడని చూస్తున్నారు. రెండడుగులు వేసి ఆగిపోయాను. మా ఆవిడ కారులోనే కూర్చుని ఉంది. ఆవిడ మొహం చూసే ధైర్యం లేక నా చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డాను. ఆ సీటు ఇక ఖాళీయే అనుకున్నాను.

వెనకాల కారు తలుపు చప్పుడైంది.

“నాన్నా, నాకు దాహంగా ఉంది. ఓ బిందెడు నీళ్ళియ్యి.”

మావగారు కూతుర్ని చూశారు, కారుని చూశారు. “బిందెడా అమ్మా?”

“ఎండగా లేదూ,” అంది ఆవిడ.

ఆయనే స్వయంగా బిందె తెచ్చిచ్చారు. ఆవిడ దోసిలి పట్టి ఒక్క గుక్క తాగి, బిందె నా చేతికిచ్చింది. నేను రేడియేటరులో పోశాను. మూత పెట్టి తలెత్తేసరికి ఆవిడ తన సీట్లో కూర్చుని, కొంగు సర్దుకుంటోంది.

“ఏం చూస్తారు, ఎక్కండి,” అంది. “మీరడగలేదుగా.”