కొంటాను అనే బటన్

ఆ రోజుల్లో మా ఇంటి పేరు చెబితే ములకలపల్లి నుంచి దమ్మపేట దాకా జనం భుజం మీది తువ్వాలు తీసేవారట. ముత్తాత ఊరి తగవులు చూసే పోలీస్ పటేల్, తాత శిస్తు వసూలుచేసే మాలీ పటేల్. (నేను చూడలేదు, విన్నాను. నడుము నిటారుగా పెట్టుకుని నడవడానికి విన్నది చాలు.) నేను మాత్రం భద్రాచలంలో, అందరూ భాయ్ అని పిలిచే ఒకాయన ఇంటర్నెట్ షాపులో జీతానికి వెబ్ పేజీలు తయారుచేసేవాణ్ని. జీతం అన్న మాట మా ఇంట్లో వాడరు. "భాయ్‌కి సాయం చేస్తున్నడు" అనేవారు.

బాబాయిల వాటాలు తేల్చాల్సి వచ్చి నాయన దమ్మపేటలోని మామిడితోట అమ్మదలచాడు. కానీ ఊళ్లో తెలియకూడదు. దళారి మా అరుగెక్కితే పరువు పోయినట్టే. "నీ కంప్యూటర్ల పెట్టురా. దూరపోళ్లు చూస్తరు, ఊరోళ్లకు తెల్వది" అన్నాడు. పేజీ చేశాను. పేరు, ఊరు నింపడానికి ఒక ఫారం, దాని కింద "వివరాలు కావాలి", "కొంటాను" అని రెండు బటన్లు. మామూలుగా ఫారం మొత్తానికి ఒకటే చిరునామా ఉంటుంది. రెండు పంక్తుల కోడ్ రాస్తే మాత్రం ఏ బటన్ నొక్కితే ఎక్కడికి పోవాలో మనమే చెప్పవచ్చు. మొదటిదాన్ని నాయన మెయిల్‌కు పంపాను. రెండోదాన్ని, నేను పుట్టకముందే పోయిన ముత్తాత పేరుమీద నేనే తెరిచిన మెయిల్‌కు పంపాను. వేసవి సెలవులన్నీ ఆ తోటలో, చెరుకురసం మామిడిచెట్ల కింద రాలిన కాయలేరుకుంటూ గడిపినవాణ్ని, ఇంకేం చేయను?

భాయ్ తెర చూసి, "క్యా పటేల్, కొనెటోడు ఎటో పోతుండు?" అన్నాడు.

"మా ఇంటి పద్ధతి గిట్లనే భాయ్. అర్జీ ఏదైనా ముందు పెద్దాయన దగ్గరికే పోవాలె."

నాయన వారం వారం షాపుకొచ్చి తన మెయిళ్ల ప్రింట్లు తీసుకునేవాడు. "కాయ తీపేనా, కోతులున్నయా అని అడుగుతరు గనీ, కొంటా అనెటోడు ఒక్కడు లేడేందిరా?" నేను గంభీరంగా తెరవైపు చూసేవాణ్ని. ముత్తాతకు అప్పటికి నాలుగు మెయిళ్లు వచ్చాయి, నాలుగూ ఒక్క సత్తుపల్లి ఆసామివే.

నేను ఇంటిదగ్గరున్న ఒక ఆదివారం, తోట ఎవరిదని ఊరంతా అడుగుకుంటూ ఆయనే జీపులో దిగాడు. "పటేలుగారూ! తోట కొంటానని నాలుగుసార్లు నొక్కానండీ! అమ్ముతారా, లేదా? జవాబియ్యరేంటండీ?" అని వీధిలోంచే కేక. ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. ఎవరికీ తెలియకూడదని నాయన దాచిన మాట, నేను దాచినందువల్లే వీధిన పడింది.

నాయన లోపలికి వచ్చాడు. "ఎవరికి పోయినయ్‌రా అవి?"

"ముత్తాతకు."

నాయన మీసం చాటున నవ్వాడు. "మరి ఏమన్నడు? అమ్మమన్నడా?"

"జవాబియ్యలే నాయనా."

ఇప్పటికీ ఏ ఫారం కింద బటన్ నొక్కబోయినా, ఇది ఎవరి దగ్గరికి పోతుందోనని నా వేలు ఒక క్షణం ఆగుతుంది. రెండు పంక్తుల కోడ్‌తో పదకొండు ఎకరాలు ఆపగలననుకున్న ఆ కుర్రవాడి మీద నవ్వొస్తుందే గానీ కోపం రాదు. తోట ఆ వేసవిలోనే, చెట్లమీది కాయలతో సహా, సత్తుపల్లి ఆయనకు అమ్మేశాం.