పుర్రచేతి వడ్డన

ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో పై అంతస్తులో మా ఆటల కంపెనీ ఉంది. ఫోనులో పది నిమిషాలు ఆడి పక్కన పడేసే ఆటలు మావి. వంట ఆట, తోట ఆట, దుకాణం సర్దే ఆట. బొమ్మలు గీసే గదికి నేను పెద్దదాన్ని. నాతోపాటు ఇద్దరమ్మాయిలు.

కొత్త ఆట అనుకున్నప్పుడల్లా బొమ్మలన్నీ మొదటినుంచి గీయమంటే నాకు ఒళ్లు మండుతుంది. ఒకసారి బాగా కుదిరిన బిందెను మళ్లీ ఎందుకు గీయాలి? వంట ఆటలో బిందె తోట ఆటలో మొక్కలకు నీళ్లు పోస్తుంది, రంగు మారిస్తే దుకాణంలో ఇత్తడి సామానవుతుంది. దీన్ని పిసినారితనం అన్నవాళ్లతో నేను చాలాసార్లు కొట్లాడాను. మా వీధి దాటి జూబ్లీహిల్స్ ఎక్కితే ఒకే బంగళా ఈ నెల సినిమాలో విలన్ కొంప, వచ్చే నెల సినిమాలో హీరోయిన్ పుట్టిల్లు. పరదాలు మారతాయి, మెట్లు మారవు. అక్కడ లేని నామోషీ మాకెందుకు?

పాత బొమ్మలు దాచే ఫోల్డర్‌కు ‘అటక’ అని పేరు పెట్టింది కూడా నేనే. లోకమంతా అటకెక్కించడమంటే మూలన పడేయడం. మా గదిలో మాత్రం బొమ్మ పాసయిందని, ఇక ఏ ఆటలోనైనా వాడుకోవచ్చని అర్థం. కొత్తగా చేరిన అమ్మాయితో “నీ బొమ్మ అటకెక్కింది” అంటే పాపం కళ్లనీళ్లు పెట్టుకుంది. అర్థం చెప్పాక స్వీట్లు తెచ్చింది.

మా యజమాని గోదావరి జిల్లా మనిషి. మర్యాదస్తుడు, కాస్త భయస్తుడు. ఒకరోజు మా గదిలోకి వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు.

“ఏమీ అనుకోకండి. బయట రెడీమేడ్ బొమ్మల ప్యాకులు దొరుకుతున్నాయంట. మనుషులు, గిన్నెలు, ఇళ్లు, అన్నీ ఒకేసారి కొనేసుకోవచ్చు. ఇక మనకి ఈ గదెందుకండీ అని మా పార్ట్‌నర్ అడుగుతున్నాడు.”

నాకు చర్రున కోపం వచ్చింది. “పెళ్లి భోజనాల ఆట కావాలన్నారు కదా సర్. మూడు వారాల్లో అటకలోంచి దించి ఇస్తాను. నచ్చకపోతే ప్యాకులే కొనుక్కోండి, మేం ముగ్గురం లేచి వెళ్లిపోతాం” అన్నాను.

ఆయన వెళ్లగానే అమ్మాయిలిద్దరూ నా మీద పడ్డారు. “మేడమ్, మీ ఉద్యోగంతో పాటు మావి కూడా పందెం కాసిండ్రా? జర అడగాలె కదా!” నిజమే, అడగలేదు. అడిగితే వద్దంటారని అడగలేదు.

పని మాత్రం జోరుగా సాగింది. టిఫిన్ సెంటర్ ఆటలో దోసెలు వేసే ఆంటీకి పట్టుచీర కడితే పెళ్లిలో వడ్డించే పిన్ని అయిపోయింది. తోటమాలికి పంచె కట్టి అన్నం బుట్ట ఇచ్చాం. కిరాణా కొట్టాయన సాంబారు బకెట్ పట్టుకున్నాడు. పెళ్లి బంతి అంటే ఎదురెదురుగా రెండు వరసలు కదా, మధ్యలో నడుస్తూ ఇటూ అటూ వడ్డించాలి. మా బొమ్మలన్నీ ఒకే వైపు చూస్తున్నాయి. అటు తిప్పడానికి మీట ఒకటుంది. నొక్కితే బొమ్మ అద్దంలో నీడలా తిరిగిపోతుంది. గుడ్డిగా తిప్పేసే రకం కాదు నేను. తిప్పితే పైట కుడి భుజం మీదకి వస్తుందని తెలుసు, దాన్ని ఎడమకు మార్చి గీశాను. అటు పక్క ముక్కుపుడక ఉండదని తుడిచేశాను. అమ్మాయిలకు చూపించి, “చూశారా, పనంటే ఇట్లా ఉండాలె” అని గొప్పలు కూడా పోయాను.

సోమవారానికి ఆట సిద్ధమైంది. గురువారం పార్ట్‌నర్ చూస్తాడు. దానికి ముందు మా ఆఫీసులో ఒక ఆనవాయితీ ఉంది. షేక్‌పేట నుంచి మధ్యాహ్నం భోజనం వండి తెచ్చే పెద్దమ్మ చేతికి ఫోనిస్తాం. ఆమె ఆడగలిగితే ఎవరైనా ఆడగలరని మా యజమాని నమ్మకం. ఆమె కళ్లజోడు పెట్టుకుని, అన్నం గిన్నె మూత పక్కన పెట్టి ఆడటం మొదలుపెట్టింది. రెండు నిమిషాలు నవ్వుతూ ఆడి, ఉన్నట్టుండి ఫోను బల్ల మీద పెట్టేసింది.

“ఏంది బిడ్డా గిది? గీమె ఎడమ చెయ్యితోని వడ్డిస్తుంది! గట్ల వడ్డిస్తే బంతిల ఎవరన్న కూసుంటరా? విస్తారి ముందల నుంచి లేసి పోతరు.”

ఫోను లాక్కుని చూశాను. పిన్ని ఎడమ చేత్తో పప్పు, తోటమాలి ఎడమ చేత్తో అన్నం, కొట్టాయన ఎడమ చేత్తో సాంబారు. అటు తిరిగినవాళ్లంతా అంతే. పెళ్లిలో సగం మంది చుట్టాలకు పుర్రచేతి వడ్డన! పక్కనే నిలబడి చూస్తున్న మా యజమాని నవ్వబోయి ఆగిపోయాడు. “ఇదేంటండీ, ఇంత పెద్ద తప్పు మీ కంట పడలేదా?”

పడలేదు. ఎందుకు పడలేదో ఆ క్షణంలోనే తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. నాదీ పుర్రచేయే. చిన్నప్పుడు ఎడమ చేత్తో ముద్ద కలిపితే మా అమ్మ గరిటెతో చేతి మీద ఒక్కటిచ్చేది. ఏడ్చి ఏడ్చి చివరికి ఇద్దరం ఒప్పందానికి వచ్చాం: అన్నం కుడి చేతిది, బొమ్మలు ఎడమ చేతివి. ఎవరి దగ్గరైనా ఎడమ చేత్తో ఏదైనా అందుకుంటే ఇప్పటికీ నా నోట సారీ వచ్చేస్తుంది. అప్పటినుంచీ ఏ పని చూసినా నా కంటికి ఎడమ చెయ్యే సొంత చెయ్యి. పైట చూసిన కళ్లు, ముక్కుపుడక చూసిన కళ్లు, గరిటె దగ్గర హాయిగా దాటిపోయాయి.

“ప్యాక్ కొనేద్దామా అండీ?” అన్నాడాయన మెల్లగా.

“కొన్న బొమ్మలో తప్పొస్తే ఎవర్ని తిడతారు సర్? ఇప్పుడంటే ఎదురుగా నేనున్నాను, తిట్టండి. తిట్టి బుధవారం సాయంత్రం దాకా టైమివ్వండి.”

తిట్టలేదు కానీ టైమిచ్చాడు. చేతులు మార్చడమంటే మీట నొక్కినంత సులువు కాదు. అటు తిరిగిన మనిషి కుడి చెయ్యి ఒంటికి అవతల పక్కకు పోతుంది. భుజం కనిపించదు, మోచేయి మాత్రమే వస్తుంది. బకెట్ ఈ చేతికి, గరిటె ఆ చేతికి మారాలి. ఇరవై రెండు బొమ్మలు. ముగ్గురం తలా కొన్ని పంచుకున్నాం. నన్ను తిట్టుకుంటూనే గీశారు పిల్లలు, బాగా గీశారు. అన్నీ అయ్యాక బుధవారం మధ్యాహ్నం కాస్త సమయం మిగిలింది. పెళ్లింటి వాకిలి బోసిగా ఉందనిపించి, కూర్చుని ముగ్గు వేస్తున్న ఒక పిల్లను గీశాను. తిప్పలేదు, దించలేదు, కొత్తగా గీశాను.

సాయంత్రం పెద్దమ్మ ఖాళీ గిన్నెలు తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు మళ్లీ ఫోనిచ్చాం. ఆమె బంతి అంతా వడ్డించింది. యజమాని ఆమె భుజం మీదుగా చూస్తూ చూస్తూ ఒక్కసారిగా వేలు పెట్టి చూపించాడు. “అయ్యో, ఇదొకటి మిగిలిపోయిందండీ! ఈ పాప ఎడమ చేత్తో వేస్తోంది.”

అమ్మాయిలిద్దరూ నా వైపు బెదురుగా చూశారు. పొరపాటయింది సర్, పావుగంటలో మార్చేస్తాను, అంటే సరిపోయేది. గది నిలిచేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా.

“అది తప్పు కాదు సర్. ఆ పిల్లది పుర్రచేయి. నా లాగ” అన్నాను. “తీసెయ్యను.”

ఆయన పెద్దమ్మ వైపు చూశాడు. ఆమె ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఆ ముగ్గును చాలాసేపు చూసింది.

“వడ్డించేటప్పుడంటే ఎదుటి మనిషికి మర్యాద, సారూ. ముగ్గుకేంది? సుక్క తప్పకుంటే సాలు. పోరి మంచిగ ఏస్తుంది.”

ఆయన తల గోక్కున్నాడు. “సరేనండీ, పాప ఉండనివ్వండి. రేపు మా పార్ట్‌నర్‌తో నేనే మాట్లాడతాను. ప్యాకులవాళ్లకి వద్దని ఇప్పుడే చెప్పేస్తాను” అని బయటికి నడిచాడు.

పెద్దమ్మ ఫోను నా వైపు చాపింది. నేను ఎడమ చేత్తో అందుకున్నాను, మొదటిసారి ఎవరికీ సారీ చెప్పకుండా.