ముందా, వెనకా?

ఒక్క మాటను ఇన్నేళ్లు మోశాను. పెద్ద మాటేమీ కాదు. దారి చెప్పేటప్పుడు ఎవరైనా వాడేదే. దాన్ని ఎవరి ముందు దించుకోవాలో ఆ మనిషి పోయిన నెల చనిపోయింది. అందుకే మీకు చెబుతున్నాను.

రమణి, నేను ఎమ్మెస్సీలో ఒకే గదిలో ఉండి చదువుకున్నాం. తరవాత నేను భీమవరం దగ్గర ఒక పెద్ద కాలేజీలో తాత్కాలిక లెక్చరర్‌గా చేరాను. అక్కడ కెమిస్ట్రీలో ఒక పర్మనెంటు పోస్టు పడింది. ఇద్దరం దరఖాస్తు పెట్టాం. ఆమె నాకంటే బాగా పాఠం చెబుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇంటర్వ్యూ రోజు రామచంద్రపురం నుంచి బస్సులు మారి వచ్చి, గేటు దగ్గర నుంచి ఫోన్ చేసింది.

“ఇదేం కాలేజీయే బాబూ, మా ఊరు మొత్తం పట్టేస్తుంది ఇందులో! ఇంటర్వ్యూ ఎక్కడే?”

“లైబ్రరీ దగ్గర బ్లాకులో.”

“ముందా, వెనకా? సరిగ్గా చెప్పవే, కొత్త చెప్పులు కరిచేస్తున్నాయి.”

“ముందు.”

ఇంటర్వ్యూ వెనక బ్లాకులో. ఆ మాట అన్నప్పుడు నేను ఆ బ్లాకు వరండాలోనే కూర్చుని ఉన్నాను.

ముందుగా అనుకునే అన్నానా? లేదు. నోరు జారిందా? అదీ కాదు. జారి ఉంటే మళ్లీ ఫోన్ చేయడానికో, కనీసం మెట్లు దిగి ఎదురు వెళ్లడానికో కావలసినంత వ్యవధి ఉంది; నేను మాత్రం ఫోన్ బ్యాగులో పెట్టి జిప్పు వేసుకున్నాను. లోపల నుంచి ఆమె పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. తరవాత నా పేరు పిలిచారు.

ఆమె చెమటలు కక్కుతూ వచ్చేసరికి లోపలివాళ్లు ఇంటర్వ్యూలు ముగించి వెళ్లిపోయారు. నన్ను నిలదీస్తుందనుకున్నాను.

“నువ్వు వెనకే అనుంటావే. నేనే ముందని విన్నాను,” అంది.

నేను ఔననలేదు. కాదనలేదు.

ఉద్యోగం నాకొచ్చింది. ఆమె వాళ్ల ఊళ్లో స్కూల్లో చేరి అక్కడే ఉండిపోయింది. ముందూ వెనకా తెలియని మనిషని ఇంట్లో అందరూ ఏడిపించేవారు. ఆమె కూడా నవ్వేది. కానీ అప్పటి నుంచి ఎవరేం చెప్పినా రెండోసారి అడిగేది. ఉద్యోగం పోవడం కంటే ఇది పెద్దదా? నాకు తెలియదు.

పెద్దకర్మ రోజు భోజనాల దగ్గర ఆమె భర్త పక్కవాళ్లతో, “మా ఆవిడ ఆ చెవులతోనే కాలేజీ ఉద్యోగం పోగొట్టుకుందండి,” అని నవ్వబోయి ఆగిపోయారు. నేను విస్తరిలోకి చూస్తూ ఉండిపోయాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. కాలేజీకి వెళుతున్నాను, ఆ వెనక బ్లాకు మెట్లే ఎక్కుతున్నాను.

రమణి సరిగ్గానే వింది. నేను ముందనే చెప్పాను.