జానెడు నీళ్ళు

ఇవాళ పొద్దున్న వంటింట్లో దోసె తిరగేస్తున్నాను. పై గదిలో మా ఆయన హెడ్‌సెట్ తగిలించుకుని ఇండియా టీమ్‌తో కాల్‌లో ఉన్నారు. ఉన్నట్టుండి పైనుంచి "ఫార్టీ త్రీ!" అని ఒక కేక. నేను అట్లకాడ చేత్తో అలాగే పట్టుకుని, తలైనా ఎత్తకుండా, "ఫార్టీ త్రీ!" అని అంతే గట్టిగా అరిచాను. అరిచాక గానీ నేను అరిచిన సంగతి నాకే తెలీలేదు. మ్యూట్ చేయడం మర్చిపోయారు మహానుభావుడు. హైదరాబాద్‌లో కూర్చున్న పిల్లలు "సర్, ఫార్టీ త్రీ వాట్?" అని అడుగుతుంటే ఈయన "నథింగ్, నథింగ్" అని నసగడం మెట్ల కిందికి వినబడుతూనే ఉంది. స్కూలుకి తయారై బల్ల దగ్గర కూర్చున్న మా అమ్మాయి చెవిలోంచి ఇయర్‌బడ్ తీసి, "మమ్మీ, మీరిద్దరూ ఓకేనా?" అంది. బస్సు వచ్చేలోపు చెప్పే కథ కాదు, సాయంత్రం చెప్తాలే అన్నాను. దానికి చెప్పిందే మీకూ చెప్తాను.

పెళ్ళై నేనీ దేశం వచ్చినప్పుడు మేమున్నది తూర్పు తీరంలోని ఈ క్యారీ ఊళ్ళో కాదు. ఉత్తర కాలిఫోర్నియాలో, సముద్రానికి దగ్గరగా, ద్రాక్షతోటల మధ్య ఒక చిన్న ఊరు. కరివేపాకు కావాలంటే రెండు గంటలు డ్రైవ్ చేయాలి. తెలుగువాళ్ళ ఇళ్ళలో మొగుళ్ళంతా సాఫ్ట్‌వేర్ అయితే మా ఆయన మాత్రం నీళ్ళ ఇంజనీరు. ఒక చిన్న కంపెనీలో పని. ఏమిటా పని అంటే, వాగులో ఎంత నీరు పారితే సాల్మన్ చేపకీ, స్టీల్‌హెడ్ చేపకీ బతకడానికి చోటు దొరుకుతుందో లెక్క కట్టి చెప్పడం. ఈ చేపలు వాగులో పుడతాయి, సముద్రానికి పోతాయి, పెద్దయ్యాక మళ్ళీ పుట్టిన వాగునే వెతుక్కుంటూ ఎదురీది వచ్చి గుడ్లు పెడతాయి. సాల్మన్ గుడ్లు పెట్టి అక్కడే ప్రాణం వదిలేస్తుంది. స్టీల్‌హెడ్‌కి అదృష్టం ఉంటే తిరిగి సముద్రానికి వెళ్ళి, ఇంకో ఏడు ఇంకోసారి వస్తుంది. రాజమండ్రిలో మా నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్తే, "ఓస్, మన పులసే కదే!" అన్నారు. ఇంత చేపల వ్యవహారం నడిపే మా ఆయనది వరంగల్. వాళ్ళింట్లో వేటమాంసం తప్ప చేప వండరు, ఈయనకి ముల్లంటే హడలు. గోదావరి పిల్లనైన నేను పులుసు పెడితే, ముక్క పక్కకి నెట్టి పులుసు మాత్రం కలుపుకునేవారు.

నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక పిచ్చెక్కేది. ఆయన చూస్తే నోట్లో నాలుక లేని మనిషి. పెళ్ళిచూపుల్లో నాలుగు మాటలు, విమానంలో ఇంకో నాలుగు. అన్నం తింటూ "ఉప్పు సరిపోయిందా?" అంటే తల ఊపేవారు, ఆ ఊపు అవునో కాదో మనమే తేల్చుకోవాలి. ఇంతలో ఆయనతో ఫీల్డ్‌కి వెళ్ళే పెద్దాయనకి మోకాలు బెణికింది. వాగులోకి ఒక్కళ్ళే దిగకూడదని వాళ్ళ రూలు. ఆఫీసు వాళ్ళు నన్ను వాలంటీర్ అని ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపించారు. జీతం లేదు, ఫ్లాస్కు కాఫీ కూడా మాదే.

పని చెప్తాను వినండి, తేలికే. వాగుకి అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకి టేపు కట్టాలి. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు తొడుక్కుని ఆయన నీళ్ళలోకి దిగి, టేపు వెంబడి అడుగడుక్కీ ఆగి, కొలకర్రతో లోతు చూస్తారు, చిన్న మీటరుతో నీటి వేగం చూస్తారు. చూసిన అంకె గట్టు మీద నాకు అరిచి చెప్తారు, నేను రాసుకోవాలి. నీటి హోరులో ఆరూ ఏడూ కలిసిపోతాయి గనక, విన్న అంకెని నేను తిరిగి అరవాలి. "పాయింట్ సిక్స్!" "పాయింట్ సిక్స్!" "రాసినవా?" "రాశాను!" రోజంతా ఇదే. ఎవరైనా దారినపోయేవాళ్ళు చూస్తే ఇద్దరికీ మతి చెడిందనుకుంటారు. ఇంట్లో గొంతు పెగలని మనిషి వాగులో దిగితే ఏమి గొంతండీ! నా మొగుడికి అంత గొంతుందని నాకు అక్కడే తెలిసింది.

లోతులూ వేగాలూ కలిపితే వాగులో పారే నీరెంతో వస్తుంది. దాన్ని క్యూసెక్కుల్లో చెప్తారు. మా నాన్న రోజూ పేపర్లో బ్యారేజీ వార్తలు చదివే మనిషి, ఒకసారి ఉత్సాహంగా "మీ వాగులో ఎన్ని క్యూసెక్కులు?" అని అడిగారు. "పద్దెనిమిది నాన్నా." "పద్దెనిమిది వేలా?" "కాదు, పద్దెనిమిదే." "దానికి ఇంజనీరెందుకే?" అన్నారు. మా ఆయనకి చెప్తే తల వెనక్కి వేసి నవ్వారు. ఆయన అలా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

ఆ చలికాలం ఒకరోజు ఆయన నడుం లోతులో నిలబడి ఏదో అరిచారు. అలవాటు ప్రకారం నేనూ తిరిగి అరిచాను: "చలి పెడుతుందా!" "అరే, నాకు కాదు, నీకు పెడుతుందా అని అడుగుతున్న!" "నీకు పెడుతుందా అని అడుగుతున్న!" అని నేను పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాను, రాయడానికి! ఆయన కొలకర్ర నీళ్ళలో పాతి, దాన్ని పట్టుకుని పడీ పడీ నవ్వారు. నాకూ అప్పుడర్థమై గట్టు మీద కూలబడి నవ్వాను, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా. ఆయన్ని నేను ప్రేమించడం మొదలుపెట్టింది అక్కడే. ఇన్నేళ్ళొచ్చాక చెప్పుకోడానికి సిగ్గేమిటి.

ఆ వాగులో ఒకచోట నీళ్ళు గులకరాళ్ళ మీద పల్చగా పరుచుకుని పారతాయి. పై నీరంతా తోటలకి తోడేస్తే అక్కడ మడమ కూడా మునగదు. మూరెడు చేప పొట్ట గీసుకోకుండా, వీపు బయటపడకుండా అది దాటాలంటే జానెడు లోతు కావాలి. నీరు తక్కువున్న రోజూ ఎక్కువున్న రోజూ వెళ్ళి కొలిచి కొలిచి, గ్రాఫు గీసి, ముప్పై ఐదు క్యూసెక్కులుంటే అక్కడ జానెడు నీళ్ళొస్తాయని ఆయన తేల్చారు. మరీ ఎక్కువైనా మంచిది కాదు, వరద గుడ్లని ఊడ్చుకుపోతుంది. వానలు మొదలయ్యాక చేపలొచ్చే రోజుల్లో ఆ ముప్పై ఐదూ వాగులో వదిలిపెట్టాలని రిపోర్టు రాశారు.

ఊరి హాల్లో మీటింగు పెట్టారు. తోటల వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, ఎండాకాలానికి వాళ్ళకీ చెరువులు నిండాలి కదా. వాళ్ళలో ఒక ముసలాయన లేచి మర్యాదగానే అడిగాడు. "నేను పుట్టింది ఈ వాగు పక్కనే. అక్కడ చేప దాటగా చూసి ఎన్నో ఏళ్ళైంది. మీరు మీ కళ్ళతో ఒక్కదాన్నైనా చూశారా?" అని. మా ఆయన లేచి నిలబడి, "నో సర్" అన్నారు. అంతే. అబద్ధం ఆడడం చేతకాని మనిషి. కార్లో ఇంటికొస్తూ, "ఒక్కటి చూడాలె. ఒక్కటి చూస్తే చాలు," అన్నారు.

ఇక ఆ ఏడు ప్రతి శనివారం, ప్రతి ఆదివారం ఆ గులకరాళ్ళ దగ్గరే కాపలా. పులిహోర కట్టుకుని వెళ్ళేవాళ్ళం. చేపలు వాగు సముద్రంలో కలిసే మొగలో వానకోసం కాచుకుని ఉంటాయి, మేం గట్టు మీద. వాన పడదే! అక్టోబరు పోయింది, నవంబరు పోయింది. అప్పటికే కంపెనీకి కాంట్రాక్టు అయిపోయింది, వీసా రెన్యూ చేయలేమని చెప్పేశారు. స్నేహితుడి రిఫరెన్సుతో క్యారీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికింది, డిసెంబరులో జాయిన్ అవ్వాలి. సామాను సర్దేశాక ఆఖరిసారి వెళ్ళాం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆయన రాళ్ళ మధ్య నీళ్ళలో చెయ్యి పెట్టి జానతో లోతు చూశారు. బొటనవేలూ చిటికెనవేలూ చాచిన ఆ చెయ్యి సగం పైనే ఉండిపోయింది.

మేం క్యారీ వచ్చిన వారానికి అక్కడ కుండపోత. మోకాలు పెద్దాయన మెసేజ్ పెట్టాడు: చేపలు దాటాయి, నేను చూశాను, ఆ తోట ముసలాయన కూడా వచ్చి చూశాడు, నీ ముప్పై ఐదుకి ఒప్పుకున్నాడు అని. మా ఆయన చదివి, ఫోను బల్లమీద బోర్లించి, కొత్త ఆఫీసుకి వెళ్ళిపోయారు. సంతోషించాలో ఏడవాలో తెలీక నేను ఆ రోజు రెండూ చేశాను.

తర్వాత అందరి జీవితాల్లాగే మాదీ నడిచింది. పిల్ల, ఇల్లు, గ్రీన్‌కార్డు, నాకూ ఒక ఉద్యోగం. ఇప్పుడు ఆయనది పై గది, నాది కింది గది, ఇద్దరి చెవులకీ హెడ్‌సెట్లు. లంచ్‌కి పిలవాలన్నా మెసేజే. ప్రతి చలికాలం పొద్దున్నే ఆయన ఫోన్లో ఏదో చూసి నిట్టూరుస్తుంటే స్టాక్స్ పడిపోయాయేమో అనుకునేదాన్ని. కాదుట. ఆ వాగు మీద గవర్నమెంటు వాళ్ళ మీటరుంది, నీరెంత పారుతోందో ఎప్పటికప్పుడు వెబ్‌సైట్‌లో పెడతారు. మూడు వేల మైళ్ళ అవతల ఆ అంకె చూసి, ఇవాళ దాటతాయో దాటవో ఈయన ఇక్కడ తేల్చుకుంటున్నారన్నమాట. ఇవాళ పొద్దున్న అది ముప్పై ఐదు దాటి నలభై మూడైంది, ఆ కేక అందుకే. ప్రతి ఏడూ వెళ్దామనుకుంటాం. వాన ఎప్పుడు పడుతుందో చెప్పి పడదు, పడ్డాక నీరు నిలిచేది రెండ్రోజులు. ముందుగా టికెట్లు బుక్ చేసుకునే వ్యవహారం కాదు. అలా ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాం.

సాయంత్రం ఇదంతా విని మా అమ్మాయి, "సో, యు గైస్ నెవర్ సా ద ఫిష్?" అంది. లేదన్నాను. "అయితే వెళ్ళు మమ్మీ. డాడీతో వెళ్ళు. నేను ఫ్రెండ్ ఇంట్లో ఉంటాను," అని దాని వంకర తెలుగులో ఆర్డరేసింది. మెట్లు దిగుతున్న మా ఆయన విన్నారు. "మనం పొయ్యేసరికి నీళ్ళు దిగిపోతయి," అన్నారు. "దిగితే దిగనీయండి. చేపలు చూడ్డానికి మీరు రండి. నేను మాత్రం గట్టు మీద కూర్చోడానికి వస్తున్నా. మీరు నీళ్ళలోకి దిగి ఏదో ఒకటి అరవండి, నాకది చాలు," అన్నాను. ఆయన ఫోను తీసి మళ్ళీ ఆ వెబ్‌సైట్ చూశారు. "థర్టీ నైన్," అన్నారు, ఈసారి మెల్లిగా, నాకు మాత్రమే వినబడేలా.

"థర్టీ నైన్," అన్నాను. రేపు పొద్దుటి ఫ్లైట్ బుక్ చేశాం. ఇన్నేళ్ళ కాలం మా దగ్గర్నుంచి ఏమేం పట్టుకుపోయిందో కూర్చుని లెక్కపెట్టలేను గానీ, ఆయన ఒక అంకె చెప్తే తిరిగి చెప్పడానికి నాకిప్పటికీ ఆలోచించాల్సిన పని లేదు.