ఎవరు రాసేరో చెప్పు

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక, వ్యాపారులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు మాది. పదో తరగతి తప్పిన నన్ను చేర్చుకున్నది మా టీమ్ లీడరే. ఆయన రోజూ లావుపాటి మానిటర్ మీద వేలు పెట్టి, "ఇదెవరు రాసేరో సెప్పు బావా" అనేవాడు. నేను చెప్పగలిగితే, రాసినవాడు మళ్లీ రాయాల్సిందే. ప్రోగ్రాములో పెట్టే పేర్లు, వదిలే ఖాళీలు అందరివీ ఒకేలా ఉండాలి.

"పెళ్లిబంతిలో ఇస్తరాకుల్లాగుండాలేటి బావా?" అన్నాను.

"ఉండాల. రేపెవుడు మానేసినా ఇంకోడు అందుకోవాల కదా."

ఆ మాట ఓనరుకి బాగా నచ్చింది. "అయితే నువ్వు లేకపోయినా పని ఆగదన్నమాట" అని, లీడరు స్థానంలో తక్కువ జీతానికి కొత్తవాణ్ణి పెట్టుకున్నాడు.

"ఆగదండి" అనేసి లీడరు తన క్యారేజీ పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన రాసిందేదో చూద్దామని ప్రోగ్రాములన్నీ తెరిచాను. ఒక్కటీ గుర్తుపట్టలేకపోయాను. చూసుంటే మురిసిపోయేవాడు.